థర్మాకోల్ పార్లమెంటు వద్దు, రాజ్యాంగ సభనే క్లాసులో పెట్టండి

మా స్టాఫ్ రూమ్‌లో బీరువా మీద నాలుగు పార్లమెంట్లు ఉన్నాయి. మూడు గుండ్రటివి, ఒకటి ఈ మధ్య కట్టిన మూడు మూలల కొత్త భవనం. నాలుగూ థర్మాకోల్‌వే, నాలుగింటి మీదా దుమ్మే. రాజ్యాంగ దినోత్సవం నవంబరు 26 దగ్గర పడుతోందంటే చాలు, విశాఖ పూర్ణా మార్కెట్ వైపు స్టేషనరీ షాపుల్లో థర్మాకోల్ షీట్లకి గిరాకీ మొదలవుతుంది, సగం పని అమ్మానాన్నలే చేసి పెడతారు, మనం ప్రాజెక్ట్ వర్క్ కింద మార్కులు వేసేసి బీరువా మీదకి ఎక్కించేస్తాం. పోయినేడాది ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు స్తంభాలన్నీ ఐస్‌క్రీమ్ పుల్లలతో భలే చేసుకొచ్చాడు. పైకప్పు మెల్లగా ఎత్తి చూసి, "లోపల ఏముందిరా?" అన్నాను. "లోపల ఏటీ లేదు సార్, పెడితే బరువైపోద్దని మానేశాను" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ వాడిని అనడానికేముంది, రాజ్యాంగం పాఠం కూడా మనం అలాగే చెబుతున్నాం. తేదీలు, కమిటీల పేర్లు, ఎన్ని అధికరణలు, ఎన్ని షెడ్యూళ్ళు, అన్నీ బయటి స్తంభాలే. లోపల, అంటే రాజ్యాంగాన్ని తయారుచేసిన రాజ్యాంగ సభలో, మూడేళ్ళ పాటు మనుషులు కూర్చుని వాదించుకున్నారనీ, ఒకరు అవునంటే ఇంకొకరు కాదన్నారనీ, ఏది ఎటు తేలుతుందో వాళ్ళలో ఎవరికీ ముందుగా తెలియదనీ పిల్లలకి ఎక్కడా తగలదు. అందుకని కొన్నేళ్ళుగా మా క్లాసులో మోడళ్ళు, చార్టులు మానిపించి వేరేలా చేయిస్తున్నాను (పోయినేడాది పైన చెప్పిన కుర్రాడు వేరే సెక్షన్ వాడు లెండి). ఎనిమిది నుంచి పది దాకా ఏ తరగతికైనా పనికొస్తుంది. నాలుగు వారాలు, వారానికి రెండు పీరియడ్లు, మధ్యలో రెండు శనివారం మధ్యాహ్నాలు దొరికితే చాలు. ఖర్చు మూడు వందలు దాటదు, అందులో సగం జిరాక్స్‌కే.

1. ముందు గోడకి తాడు కట్టండి

పుస్తకంలో స్వాతంత్ర్య పోరాటం ఒక చోట, రాజ్యాంగం ఒక చోట, ఎన్నికలు ఇంకో చోట ఉంటాయి కాబట్టి పిల్లల లెక్కలో ఇవి మూడూ ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు. దీనికి ఉపన్యాసం అక్కర్లేదు, బట్టలారేసే ప్లాస్టిక్ తాడు చాలు. రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చున్న 1946 డిసెంబరు 9 తాడుకి ఒక కొస, మొదటి లోక్‌సభ తొలిసారి సమావేశమైన 1952 మే 13 ఇంకో కొస. నెలకి ఒక బెత్తెడు చొప్పున కొలిపించండి. అందరి చేతులూ ఒకేలా ఉండవు కాబట్టి క్లాస్ లీడర్ చెయ్యే కొలత అని ముందే చెప్పేయండి, లేకపోతే పీరియడంతా దాని మీదే పోతుంది. అరవై అయిదు బెత్తెలకి ఇంచుమించు పదహారు అడుగులు వస్తుంది, క్లాసు పక్క గోడకి సరిపోతుంది.

తర్వాత తేదీల చీటీలు పంచి, బట్టల క్లిప్పులతో ఎవరి చీటీ వాళ్ళని తగిలించమనండి. లక్ష్యాల తీర్మానాన్ని సభ ఆమోదించిన 1947 జనవరి 22, జెండాని ఖాయం చేసిన జులై 22, ముసాయిదా కమిటీ వేసిన ఆగస్టు 29, ముసాయిదా సభ ముందుకొచ్చిన 1948 నవంబరు 4, ఆమోదం పొందిన 1949 నవంబరు 26, సభ్యులు సంతకాలు పెట్టిన 1950 జనవరి 24, అమల్లోకి వచ్చిన జనవరి 26, మొదటి సవరణ జరిగిన 1951 జూన్ 18, మొదటి ఓటు పడిన అదే ఏడు అక్టోబరు 25. ఇంతకన్నా ఎక్కువ పెట్టకండి, తాడు కిక్కిరిసిపోతే ఎవరూ చూడరు.

చీటీలు తగిలించక ముందే ఒకటి అడగండి: ఆగస్టు 15 ఎక్కడ వస్తుంది? దాదాపు అందరూ తాడు మొదలునే చూపిస్తారు. కొలిస్తే ఎనిమిది బెత్తెలు దాటాక వస్తుంది, అంటే ఇంకా తెల్లవాళ్ళు ఇక్కడ ఉండగానే రాజ్యాంగం పని మొదలైపోయింది. అక్కడి నుంచి 1950 జనవరి 26 దాకా మళ్ళీ ఇరవై తొమ్మిది బెత్తెలు, ఏడడుగుల పైన తాడు. ఆ ఏడడుగులూ మనకి రాజు ఎవరు? బ్రిటన్ రాజు ఆరో జార్జే. ఆయన తరఫున ఢిల్లీలో గవర్నర్ జనరల్‌గా ముందు మౌంట్‌బాటెన్, 1948 జూన్ నుంచి రాజాజీ. "స్వాతంత్ర్యం వచ్చాక కూడా రాజున్నాడా సార్?" అని ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. అడిగారు కదా అని గబుక్కున చెప్పేయకండి. ఆ ఏడడుగుల మీద పెద్ద ప్రశ్న గుర్తు తగిలించి వదిలేస్తే, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు 'డొమినియన్' (పాలన తనదే అయినా బ్రిటన్ రాజునే రాజుగా ఉంచుకున్న దేశం) అనే మాట ఎక్కడో పట్టుకొస్తారు.

2. టాపిక్ ఇవ్వకండి, తగువు ఇవ్వండి

'అంబేద్కర్ జీవితం' అని టాపిక్ ఇస్తే స్కూలు పక్క ఇంటర్నెట్ సెంటర్‌లో రంగుల ప్రింటు దొరుకుతుంది, పిల్లలు చదవకుండానే అంటించేస్తారు. అదే "ముసాయిదా కమిటీలో ఏడుగురు, దేశ విభజన తర్వాత సభలో 299 మంది, మరి ఏడుగురు రాసిందానికి మిగతా వాళ్ళంతా సరేనన్నారా?" అని అడిగారనుకోండి, దానికి ప్రింటు దొరకదు. వెతుక్కోవాలి. వెతికితే 7,635 సవరణలు వచ్చాయనీ, వాటిలో 2,473 సభలో ప్రవేశపెట్టారనీ తేలుతుంది. ఆ అంకె చూశాక పిల్లల మొహాలు మారతాయి, అప్పటిదాకా వాళ్ళు రాజ్యాంగం అంటే ఒక పెద్దాయన ఒక టేబుల్ దగ్గర కూర్చుని రాసిన నోట్స్ అనుకుంటారు.

ఆరుగురికో గ్రూపు, గ్రూపుకో తగువు. చదువు రానివాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్నది అన్నిటికన్నా బాగా పండుతుంది, దాని గురించి కింద చెబుతాను. దేశానికి ఇండియా అని పేరు పెట్టాలా భారత్ అని పెట్టాలా అన్నది ఎనిమిదో తరగతికి తేలిక, 1949 సెప్టెంబరు 18న తేలింది. హిందీ, ఇంగ్లీషు తగువు దానికి నాలుగు రోజుల ముందు తేలింది, తేలిందంటే పదిహేనేళ్ళ పాటు ఇంగ్లీషూ ఉంటుందన్నారు, ఆ తర్వాత ఏమైందో పిల్లలే చెబుతారు. ఆడవాళ్ళకి సీట్లు కేటాయించాలా అన్న తగువు ఆడపిల్లలున్న గ్రూపుకి ఇచ్చి చూడండి, సభలో ఉన్న 15 మంది మహిళల్లోనే ఆ కేటాయింపు మాకొద్దన్న వాళ్ళు ఉన్నారని తెలిసి వాళ్ళలో వాళ్ళే దెబ్బలాడుకుంటారు.

అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు క్లాసులో ఉంటే ఆదివాసీ ప్రాంతాల పాలన గురించిన అయిదో షెడ్యూల్ తగువు తప్పకుండా పెట్టండి. జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరు 19న సభలో లేచి, తాను ఆదివాసీలందరి తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకుని, ప్రజాస్వామ్యం మాకు కొత్తగా నేర్పేదేమీ లేదు, మీరే మా దగ్గర నేర్చుకోవచ్చు అన్న అర్థంలో మాట్లాడాడు. ఒక పాడేరు పిల్ల అది చదివి, "ఇది నేనే చదువుతాను సార్" అని మరి ఎవరికీ ఇవ్వలేదు.

ఇక మన ఉత్తరాంధ్ర టీచర్లకి మాత్రమే ఎదురయ్యే చిక్కొకటి. సంస్థానాల విలీనం మ్యాప్ వేయమంటే పిల్లలు ముందుగా రంగేసేది విజయనగరానికే. వేయరా మరి, కోట కళ్ళ ముందు కనిపిస్తోంది, రాజావారు అంటున్నాం, నోరారా 'విజయనగరం సంస్థానం' అంటున్నాం. కానీ పటేల్, వి.పి.మీనన్ విలీనం చేయించిన అయిదు వందల పైచిలుకు సంస్థానాల్లో విజయనగరం లేదు. అది మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జమీందారీ, అంటే బ్రిటిష్ ప్రభుత్వానికి శిస్తు కట్టే ఎస్టేటు. ఆ పక్క జయపురం కూడా జమీందారీయే. ఇంకాస్త అవతల బస్తర్ మాత్రం అసలైన సంస్థానం. ఈ తప్పు దిద్దేసి ఊరుకోకుండా దాన్నే ప్రాజెక్టు చేసేయండి: మరి జమీందారీలు ఎలా పోయాయి? 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. పల్లెల్లో పెద్దవాళ్ళు 'ఎస్టేట్ అబాలిషన్' అన్న మాటని ఇంగ్లీషులోనే అనడం మీరు వినే ఉంటారు. వేరే రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు కోర్టుల్లో చిక్కుకుంటే ముఖ్యంగా వాటిని గట్టెక్కించడానికే 1951లో మొదటి సవరణ, అందులో చేర్చిన చట్టాల్ని కోర్టులు కొట్టేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూల్ వచ్చాయి. అంటే రాజ్యాంగం వయసు ఇంకా పదిహేడు నెలలు నిండలేదు, దేశంలో సాధారణ ఎన్నికలు జరగలేదు, అయినా సవరించేశారు. చేసిందెవరు? తాత్కాలిక పార్లమెంటుగా కూర్చున్న ఆ రాజ్యాంగ సభ వాళ్ళే. ఎన్నికలదాకా ఆగాల్సిందా, ఆగితే రైతుల గతేమిటి? పదో తరగతి పిల్లలకి ఇంతకన్నా మంచి తగువు నాకు దొరకలేదు.

3. గ్రూపుకి ఒక్క పేజీ, తేదీతో

రాజ్యాంగ సభ చర్చలు పన్నెండు సంపుటాలు, పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. చిక్కేమిటంటే ఇంగ్లీషులో ఉంటాయి, అదీ పాతకాలపు ఇంగ్లీషు. పిల్లలకి లింకు పంపేసి చదువుకోమంటే ఎవరూ చదవరు, ఈ పని మీరే చేయాలి. ఒక్కో తగువుకి అవునన్న ప్రసంగం ఒకటి, కాదన్న ప్రసంగం ఒకటి తీసుకుని, సారాంశాన్ని మీ మాటల్లో తెలుగులో రాసి, ఒక్క పేజీకి మించకుండా జిరాక్స్ తీయండి. ఎవరు, ఏ తేదీన అన్నది పైన ఉండాలి. ఇది గ్రూపుకి ఒక సాయంత్రం పని, మొదటి ఏడాది మాత్రం విసుగొస్తుంది. రెండో ఏడాది నుంచి పేజీలు చేతిలోనే ఉంటాయి.

క్లాసులో ఒక రూలు పెట్టండి: తేదీ లేని మాట చెల్లదు. గాంధీ అన్నారు, నెహ్రూ అన్నారు, అంబేద్కర్ అన్నారు అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటల్లో చాలా వాటికి తల్లీతండ్రీ ఉండరు. ఒకసారి ఈ రూలు అలవాటయ్యాక పిల్లలు ఇంట్లో వాళ్ళ నాన్నల్ని కూడా "ఏ తేదీన అన్నారు?" అని అడుగుతున్నారట, ఒకాయన నాతో పేరెంట్స్ మీటింగ్‌లో మొర పెట్టుకున్నాడు.

మూలం చేతికిచ్చే ముందు మనుషుల్ని దగ్గర చేయడం మంచిది. నేను ఎప్పుడూ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌తో మొదలుపెడతాను. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే లోపలికి వెళ్ళనివ్వలేదు. అప్పుడామెకి పద్నాలుగేళ్ళు, అంటే మన తొమ్మిదో తరగతి పిల్ల. ఇరవై మూడేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే సభలో సభ్యులు. ఇంకా దగ్గర కావాలంటే మన ఆంధ్రా యూనివర్సిటీ ఉంది: 1931 నుంచి 1936 దాకా ఇక్కడ వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలో ఉన్నారు, 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూతో పాటు మాట్లాడిన వాళ్ళలో ఆయనొకరు. ముసాయిదా కమిటీలో ఉన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ది నెల్లూరు జిల్లా. టంగుటూరి, పట్టాభి, ఎన్.జి.రంగా సరేసరి.

4. పాత్రలు చీటీలతోనే తేల్చండి

ఇది నా తప్పు మీద నేర్చుకున్నది. మొదటి ఏడాది పాత్రలు నేనే పంచాను. అంబేద్కర్ పాత్ర ఎవరికివ్వాలా అని పెద్దగా ఆలోచించలేదు, ఒక కుర్రాడి పేరు నోటికి వచ్చేసింది, ఇచ్చేశాను. ఎందుకు వాడి పేరే వచ్చిందో నాకు ఆ క్షణంలో తట్టలేదు గానీ క్లాసు మొత్తానికి అర్థమైంది. వాడు ఏమీ అనలేదు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాడి స్నేహితుడొచ్చి, "బస్టాపులో అందరూ వాడిని ఒకటే పిలుపు సార్, అందుకే రానంటున్నాడు" అని చెప్పాడు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మగారి ముందు తలొంచుకుని కూర్చున్నాను. ఆవిడ టీ ఇచ్చింది, ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

అప్పటి నుంచి అన్నీ చీటీలే. డబ్బాలో వేసి తీయడమే. ఎవరు ఎవరైనా కావచ్చు, ఆడపిల్ల పటేల్ కావచ్చు, మగపిల్లాడు హంసా మెహతా కావచ్చు. అవును అనే పక్షమో కాదు అనే పక్షమో అదీ చీటీయే, వాళ్ళ సొంత అభిప్రాయంతో పని లేదు. ఇంకో జాగ్రత్త: అంటరానితనాన్ని రద్దు చేసిన అధికరణాన్ని సభ 1948 నవంబరు 29న ఆమోదించింది, దాని మీద గ్రూపు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కానీ అంటరానితనాన్ని నాటకంగా వేయించకండి, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. మాటలు చదివించండి, శిక్ష ఎలా ఉండాలి, ఎవరు అమలు చేయాలి అన్నది వాదించనివ్వండి, అక్కడితో ఆపండి.

5. సభ జరిపే రోజు

శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి, గంటన్నర కావాలి. బల్లలు గుర్రపు నాడాలా వేయించండి. మైకు వద్దు, మైకుంటే అది ఆన్యువల్ డే అయిపోతుంది. స్కూలు గంట మాత్రం అడిగి తెచ్చుకోండి.

సభాపతి ఎవరు? మొదటి రోజు పెద్దవాళ్ళలో పెద్దాయన సచ్చిదానంద సిన్హాని తాత్కాలికంగా కూర్చోబెట్టి, రెండు రోజుల తర్వాత రాజేంద్ర ప్రసాద్‌ని ఎన్నుకున్నారు. మనమూ అంతే: పుట్టిన తేదీ చూసి క్లాసులో అందరికన్నా పెద్దవాళ్ళని మొదట కూర్చోబెట్టండి, వాళ్ళు ఎన్నిక జరిపి దిగిపోతారు. మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు, గంట కొడితే కూర్చోవాలి. ఎదురుపక్షం వాళ్ళు సవరణ చీటీ మీద రాసి ఇవ్వాలి, నోటితో చెప్పింది చెల్లదు. చివర్లో చేతులెత్తే ఓటు. లెక్క, వాదనలు ఒక రిజిస్టర్లో రాయడానికి ఇద్దరు గుమస్తాలు, వాళ్ళని మంచి దస్తూరీ ఉన్నవాళ్ళని కాకుండా చకచకా రాసేవాళ్ళని చూసుకోండి.

రెండేళ్ళ క్రితం మా క్లాసులో ఓటు తగువు వచ్చింది. చదువొచ్చిన వాళ్ళకే ఓటు అనే పక్షం చీటీ ఒక బక్క కుర్రాడికి తగిలింది, వాడు మాట్లాడగా అంతకు ముందు నేను వినలేదు. లేచి, "బస్సు మీద బోర్డు చదవలేని వాళ్ళు చట్టాలు చేసేవాళ్ళని ఎలా ఎంచుతారండీ?" అన్నాడు. క్లాసంతా బల్లలు చరిచింది. జాలరిపేట నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, వాళ్ళ మామ్మ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట పాడి చేపలు కొంటుందనీ, సంతకం కూడా రాదనీ, ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆర్నెల్ల తర్వాత అడిగినా రూపాయి తేడా లేకుండా చెబుతుందనీ అంది. వాడు తగ్గలేదు. "లెక్కలు బాగా చేస్తుంది, ఒప్పుకున్నాను. మరి ఓటడగడానికి వచ్చినోడు మంచోడో దొంగో ఎలా తెలుస్తుంది?" ఆ పిల్ల అంతే తాపీగా, "హార్బర్‌లో ముందు తెలుసుకునేది అదే" అంది.

ఇంకేం, అందరికీ ఓటు గెలిచేసిందనుకున్నాను. చేతులు లెక్కపెడితే ఇరవై రెండు, పద్దెనిమిది. గెలిచింది చదువు షరతే!

ఇలాంటప్పుడు మనకి వచ్చే మొదటి బుద్ధి, లేదమ్మా అసలు సభలో అలా జరగలేదు అని దిద్దేయడం. దిద్దకండి. మా రిజిస్టర్లో ఆ తీర్మానం అలాగే ఉంది. సోమవారం క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి, మొన్నటి తీర్మానం ప్రకారం చదవగలిగిన వాళ్ళకే ఓటు అన్నాను. చదవాల్సిన వాక్యం బోర్డు మీద ఒడియా లిపిలో రాసి ఉంది. నలభై మందిలో ముగ్గురు చదివారు, ముగ్గురూ పోర్టు, రైల్వే ఉద్యోగాల కోసం ఒడిశా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళ పిల్లలు. ముగ్గురే ఓటేసి లీడర్‌ని ఎన్నుకున్నారు. మిగతా ముప్పై ఏడు మంది గొడవ ఇంతా అంతా కాదు, పక్క క్లాసు మేడం వచ్చి ఏమైందని అడిగేంత. బుధవారం వాళ్ళే మళ్ళీ సభ పెట్టమని చీటీ రాసిచ్చారు. ఆ పూట ఇంకో విషయం బయటపెట్టాను: రాజ్యాంగ సభలో ఎక్కువ మందిని ఎన్నుకున్నది రాష్ట్రాల శాసనసభల వాళ్ళు, ఆ శాసనసభల్ని ఎన్నుకున్నది ఆస్తో చదువో ఉన్న కొద్దిమంది. అలా వచ్చిన వాళ్ళు అందరికీ ఓటు ఎందుకిచ్చినట్టు? దీనికి జవాబు నేను చెప్పలేదు, వాళ్ళు రాసిన నలభై జవాబుల్లో పది మాత్రం దాచుకున్నాను.

6. అట్టపెట్టెల ఎన్నిక

ఓటు ఇచ్చేశాక వేయించాలి కదా. 1951 అక్టోబరు 25 నుంచి 1952 ఫిబ్రవరి 21 దాకా జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల పైనే, వాళ్ళలో ఎక్కువ మందికి చదువు రాదు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి పెట్టిన ఉపాయం పిల్లలకి తెగ నచ్చుతుంది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద వాళ్ళ గుర్తు. ఓటరు బ్యాలెట్ కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, గుద్దనక్కర్లేదు, తనకి కావలసిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే.

చెప్పుల షాపులో అడిగితే ఖాళీ అట్టపెట్టెలు ఇస్తారు. గుర్తులు పిల్లల చేతే వేయించండి, ఇప్పటి పార్టీల గుర్తులు మాత్రం వద్దు, సాయంత్రానికల్లా హెచ్.ఎం. గారికి ఫోన్లు వస్తాయి. దుప్పటి అడ్డం కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పంపండి. అయిపోయాక ఈ పద్ధతిలో మోసం ఎలా చేయొచ్చో చెప్పమనండి. కాగితం వేయకుండా జేబులో పెట్టుకొచ్చి ఇంకొకరికి అమ్మొచ్చు, లోపల ఎవరూ చూడరు కాబట్టి ఒక పెట్టెలోది ఇంకో పెట్టెలోకి మార్చొచ్చు, ఇలా వరస పెట్టి చెబుతారు, పిల్లలకి ఇందులో తెలివి ఎక్కువే. తర్వాత్తర్వాత ఒకే కాగితం మీద ముద్ర వేసే పద్ధతికి ఎందుకు మారారో అప్పుడు మీరు చెప్పనక్కర్లేదు.

ఓటర్ల జాబితా కూడా పిల్లల చేతే రాయించండి, కానీ సగం మంది ఆడపిల్లల్ని సొంత పేరు చెప్పకుండా 'ఫలానా వారి అమ్మాయి' అని మాత్రమే రాయించమనండి. ఎన్నిక రోజు ఆ పేర్లన్నీ కొట్టేయండి. అప్పట్లో ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అనే తప్ప పేరు చెప్పని ఆడవాళ్ళ నమోదులు దాదాపు 28 లక్షలు కొట్టేయాల్సి వచ్చింది.

మన ఊరి సంగతి అడుగుతారు, సిద్ధంగా ఉండండి. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న గానీ రాలేదు. విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఓటరుకి రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. గెలిచిన ఇద్దరూ ఇండిపెండెంట్లే: లంకా సుందరం, గాం మల్లుదొర. మల్లుదొర అంటే అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడి అండమాన్ జైలుకి వెళ్ళొచ్చిన ఆ మల్లుదొరే. అల్లూరి పేరు తెలియని పిల్లలు మన దగ్గర ఉండరు గానీ ఆయన అనుచరుడు మన ఊరి నుంచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడంటే స్టాఫ్ రూమ్‌లోనే సగం మంది నమ్మలేదు.

7. చింతపిక్కల బడ్జెట్

తొలి ప్రభుత్వం ఏం చేసిందన్నది మంత్రుల పేర్ల పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తే రాదు. 1947 ఆగస్టు 15న ప్రధానితో కలిపి పద్నాలుగు మంది మంత్రులు, అందులో అంబేద్కర్, శ్యామాప్రసాద్ ముఖర్జీ, ఆర్థిక మంత్రి షణ్ముఖం చెట్టి లాంటి కాంగ్రెస్ వాళ్ళు కానివాళ్ళూ ఉన్నారు, ఇది ఒక్క మాటలో చెప్పి పనిలోకి దిగండి. చెట్టి 1947 నవంబరు 26న పెట్టిన మొదటి బడ్జెట్ ఏడున్నర నెలల కోసం. ఖర్చు 197 కోట్లు, రాబడి 171 కోట్లు. కోటికో చింతపిక్క చొప్పున 197 లెక్కపెట్టించి, అప్పు చేయాల్సిన 26 పిక్కలకి ఎర్ర స్కెచ్ పెన్ పూయించండి. రక్షణ, ఆహారం, శరణార్థులు, ఆరోగ్యం, చదువు అని మంత్రుల్ని కూర్చోబెట్టి పంచుకోమనండి. ప్రతి ఏడాదీ చదువుకీ ఆరోగ్యానికీ పెద్ద కుప్పలు పోస్తారు, పాపం. అప్పుడు 92 పిక్కలు పైగా రక్షణ వైపు జరిపేసి, ఆ ఏడు సరిహద్దుల్లో ఏం జరుగుతోందో వెతకమనండి.

8. ఊళ్ళో దొరికేది వదలకండి

గాజువాక, మల్కాపురం, గాంధీగ్రామ్ వైపు స్కూళ్ళ వాళ్ళకి ఇది ఇంటి పని. షిప్‌యార్డ్‌కి 1941 జూన్ 21న శంకుస్థాపన చేసింది బాబూ రాజేంద్ర ప్రసాద్, తర్వాత రాజ్యాంగ సభకి అధ్యక్షుడైన ఆయనే. అది వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీది. 1948 మార్చి 14న అక్కడ కట్టిన జల ఉష నౌకని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1952లో ఎక్కువ వాటా ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ప్రైవేటు కంపెనీ కట్టినదాన్ని ప్రభుత్వం ఎందుకు తీసుకుంది అన్నది ప్రశ్న. లోపలికి వెళ్ళడానికి పర్మిషన్లు కావాలి, ఆ టెన్షన్ పెట్టుకోకండి. రిటైరైన తాతగారు ఒకరిని క్లాసుకి పిలిచి కూర్చోబెడితే చాలు. ఆయన చెప్పిన వాటిలో తేదీలు మాత్రం పిల్లలు సరిచూసుకోవాలి, తేదీ లేని మాట చెల్లదన్న రూలు తాతగార్లకీ వర్తిస్తుంది, ఆయన ఎదురుగా అనకుండా ఉంటే మంచిది.

9. మార్కులు

ఒక్కొక్కరూ చేత్తో ఒక పేజీ రాసివ్వాలి, ఆపైన రెండు నిమిషాలు నోటి ప్రశ్నలు. నేను అడిగేవి రెండే: మీ తగువులో ఓడిపోయిన వాళ్ళు ఎవరు, వాళ్ళ మాటలో నీకు ఏది సబబు అనిపించింది? ఇవి బట్టీ పట్టి చెప్పలేరు. దస్తూరీకి, బొమ్మలకి, అట్టకి మార్కులు వేయకండి, ఒక్కసారి వేశారంటే మళ్ళీ ఏడాది థర్మాకోల్ వచ్చేస్తుంది.

అన్నీ అయ్యాక రిజిస్టర్, జిరాక్స్ పేజీలు, చీటీల డబ్బా ఒక సంచిలో పెట్టి దాచండి. తాడు చుట్టి లోపల పడేయండి. చింతపిక్కలు ఎండలో పెట్టి డబ్బాలో పోయకపోతే పురుగు పడతాయి. బట్టల క్లిప్పులు మాత్రం ఇంటికి పట్టుకుపోండి, స్టాఫ్ రూమ్‌లో వదిలేస్తే జనవరిలో సైన్స్ ఫెయిర్ వాళ్ళు ఎత్తుకుపోతారు.